పొరుగింటి గోడ: ఇస్లామీయ న్యాయచరిత్రలో ఇంటి విస్తరణ తగాదాలు

మనుష్యుల మధ్య వచ్చే తగాదాల్లో పొరుగువారి తగాదాకు ఒక ప్రత్యేకత వుంది. వర్తకంలో మోసపోయినవాడు ఆ అంగడి మెట్లు మళ్ళీ ఎక్కకుండా వుండవచ్చు. బాకీ ఎగవేసినవానికి ఇక అప్పు ఇవ్వకుండా వుండవచ్చు. పొరుగువానితో తగాదా పడినవాడు మాత్రం తీర్పు వచ్చిన మర్నాడు కూడా అదే గోడ పక్కన నిద్ర లేవాలి. అందువల్ల ఇటువంటి దావాలో ఎవరిది గెలుపు అని తేల్చి చెప్పినంత మాత్రాన న్యాయమూర్తి పని ముగియదు.

ఈ తగాదా పుట్టడానికి దుర్బుద్ధి అవసరం లేదు. కుటుంబం పెరుగుతుంది, కొడుక్కి పెళ్ళవుతుంది, ఉన్న ఇల్లు చాలదు. ఒక గది వేయాలి, మేడ లేపాలి, కొత్త కిటికీ పెట్టాలి. ఒకరి అవసరం మరొకరి వెలుతురుకో, మరుగుకో, గోడకో అడ్డు వస్తుంది. ఇద్దరి మాటలోనూ కొంత న్యాయం వుంటుంది. తన స్థలంలో తాను కట్టుకుంటున్నానని ఒకరు అంటారు. తన ఇంట్లో తాను నిశ్చింతగా వుండలేకపోతున్నానని రెండవవారు అంటారు.

ఇస్లామీయ న్యాయశాస్త్రం ఈ చిన్న తగాదాను చిన్నదిగా చూడలేదు. మదీనా కాలం మొదలుకొని 19వ శతాబ్దం చివర వరకు ధర్మశాస్త్రవేత్తలు గోడలు, దూలాలు, కిటికీలు, చూరులు, తూములను గురించి ఎంతో ఓపికతో చర్చించారు. హద్దు ఎక్కడ అనే ప్రశ్న పక్కనే హాని ఎక్కడ అనే మరో ప్రశ్నను నిలబెట్టడం ఆ చర్చ సాధించిన ముఖ్యఫలితం. ఆ రెండవ ప్రశ్నకు కంటితో చూసి, చేతితో కొలిచి సమాధానం చెప్పే పద్ధతిని కూడా వారు క్రమంగా రూపొందించారు.

మదీనాలో పడిన పునాది

ఈ విషయంలో మొదట చెప్పుకోవలసినది దూలపు హదీసు. పొరుగువాడు తన గోడలో దూలం ఆన్చుకుంటానంటే ఎవరూ అడ్డు చెప్పరాదని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం, ఇమాం మాలిక్ గారి మువత్తా మూడింటిలోనూ ఈ హదీసు వుంది. గోడకు గోడ ఆనుకొని ఇళ్ళు కట్టుకునే పట్టణంలో దీని విలువ తేలికగా అర్థమవుతుంది. కొత్త గది వేసుకునే పేదవానికి నాలుగో గోడ కట్టే ఖర్చు తప్పుతుంది. పొరుగువాని గోడ మీద దూలాలు ఆన్చి పైకప్పు వేసుకోగలడు.

హదీసు విన్న కొందరి ముఖాల్లో అయిష్టం కనిపించగా, హజ్రత్ అబూ హురైరా (రజి) నొచ్చుకొని, మీరు ముఖం తిప్పుకున్నా సరే దీన్ని మీ ముందు చెప్పక మాననని గట్టిగా పలికినట్లు అదే ఉల్లేఖనంలో వుంది. ఆదేశం విన్న తొలితరం వారికి కూడా సొంత గోడను ఇతరులకు అప్పగించడం సులభంగా తోచలేదన్నమాట. ఇది ఆజ్ఞా, హితవా అన్న విషయంలో ఇమాములు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చారు. ఇమాం అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) దీన్ని విధిగా భావించారు. పొరుగువానికి నిజంగా అవసరం వుండి, గోడకు నష్టం లేకపోతే యజమాని నిరాకరించడానికి వీల్లేదన్నారు. ఇమాం అబూ హనీఫా (రహ్మ), ఇమాం మాలిక్ (రహ్మ) దీన్ని మంచి పొరుగుతనానికి సంబంధించిన హితవుగా గ్రహించారు. ఇమాం షాఫియీ (రహ్మ) నుండి రెండు అభిప్రాయాలూ ఉల్లేఖించబడ్డాయి.

రెండవది హజ్రత్ సముర బిన్ జుందుబ్ (రజి) ఖర్జూర చెట్టు ఉదంతం. సునన్ అబూ దావూద్‌లో వున్న ఈ ఉల్లేఖనం ప్రకారం ఆయనకు ఒక అన్సారీ తోటలో ఖర్జూర చెట్టు వుండేది. ఆ అన్సారీ కుటుంబం తోటలోనే నివసించేది. చెట్టు కోసం ఆయన వచ్చిపోవడం వారికి ఇబ్బందిగా వుండేది. అన్సారీ దైవప్రవక్త (స)కు మొర పెట్టుకున్నాడు. ఆయన (స) చెట్టును అమ్మమన్నారు, మార్చుకోమన్నారు, చివరకు పుణ్యఫలం ఆశ చూపి దానం చేయమన్నారు. సముర (రజి) దేనికీ ఒప్పుకోలేదు. అప్పుడు దైవప్రవక్త (స) ఆయన హాని చేసేవానిగా నిలిచారని చెప్పి, చెట్టును పెకలించివేయమని అన్సారీని ఆదేశించారు. చెట్టు ఎవరిదన్న విషయంలో ఇక్కడ వివాదమే లేదు. యాజమాన్యం రుజువైన తర్వాత కూడా హాని మిగిలే వుందన్నదే తీర్పుకు ఆధారం. మూడుసార్లు మధ్యేమార్గం చూపి, మూడూ విఫలమైన తర్వాతనే కఠినమైన ఆజ్ఞ వెలువడిందన్న విషయం కూడా గమనార్హం.

మూడవది మువత్తాలో దూలపు హదీసుతో పాటే వున్న కాలువ తగాదా. హజ్రత్ జహ్హాక్ బిన్ ఖలీఫా (రజి) ఉరైజ్ నుండి ఒక నీటి కాలువ తీసుకురాదలిచారు. అది హజ్రత్ ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) నేల గుండా పోవాలి. ఆయన ఒప్పుకోలేదు. కాలువ నీటిని మొదటా చివరా వాడుకునేది మీరే, మీకు వచ్చే నష్టమేమిటని అడిగినా ఆయన వినలేదు. విషయం ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) వద్దకు వెళ్ళింది. తమకు హాని లేకపోగా మేలు జరిగే పనిని సోదరునికి ఎందుకు నిరాకరిస్తున్నారని ఖలీఫా ప్రశ్నించారు. అయినా ఆయన పట్టు విడవకపోవడంతో కాలువ పోయి తీరాలని ఖలీఫా ప్రమాణం చేసి తీర్పు చెప్పారు.

ఈ మూడింటినీ కలిపి చదివితే ఒక సూత్రం తేలుతుంది. ఇతరులకు హాని చేయరాదు, హానికి ప్రతిగా హాని తలపెట్టరాదు అనే భావం గల ప్రసిద్ధ హదీసు ఈ సూత్రాన్ని రెండు మాటల్లో ఇమిడ్చింది. తరువాతి కాలంలో కట్టడాల తగాదాలపై వెలువడిన తీర్పుల్లో అధికభాగం ఆ హదీసుకు వివరణ వంటివే.

ఫుస్తాత్‌లో ఒక మేడగది

అరబ్బులు కొత్త నగరాలు కట్టినప్పుడు ఈ సూత్రానికి పరీక్షాకాలం వచ్చింది. హిజ్రీ 17వ సంవత్సరంలో (క్రీ.శ. 638) ఇరాఖ్‌లో కూఫా నగరాన్ని నిర్మించేటప్పుడు వీధుల వెడల్పు ముందే నిర్ణయించారు. చరిత్రకారుడు తబరీ తెలిపిన ప్రకారం పెద్ద వీధులు 40 మూరలు, తరువాతివి 30 మూరలు, వాటి మధ్యవి 20 మూరలు. సందులకు 7 మూరలు, అంతకు తగ్గడానికి వీల్లేదు. దారి వెడల్పుపై తగాదా వస్తే ఏడు మూరలు విడిచిపెట్టాలనే హదీసు కూడా వుంది. ఇళ్ళను మరీ ఎత్తుగా లేపవద్దని, మూడు గదులకు మించవద్దని హజ్రత్ ఉమర్ (రజి) కూఫావాసులకు సూచించినట్లు తబరీయే వ్రాశాడు.

ఈజిప్టులో కట్టిన ఫుస్తాత్ నగరంలో జరిగిన సంఘటన మరింత ఆసక్తికరమైనది. ఇబ్నె అబ్దుల్ హకం (మరణం హి. 257 / క్రీ.శ. 871) తన ఈజిప్టు విజయాల చరిత్రలో దీన్ని నమోదు చేశాడు. ఆ నగరంలో మొట్టమొదట ఇంటిపై మేడగది లేపినవారు హజ్రత్ ఖారిజా బిన్ హుజాఫా (రజి). ఆ వార్త మదీనాకు చేరింది. పొరుగిళ్ళ లోపలికి చూపు పోతుందేమోనని హజ్రత్ ఉమర్ (రజి) అనుమానించారు. అయితే, ఉన్నపళంగా కూల్చివేయమని ఆయన ఉత్తరువు పంపలేదు. గవర్నరు హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)కు ఒక పరీక్ష వ్రాసి పంపారు. ఆ గదిలో ఒక మంచం వేయించాలి. మరీ పొడవూ మరీ పొట్టీ కాని ఒక మనిషిని దానిపై నిలబెట్టాలి. కిటికీల గుండా అతనికి బయట కనిపిస్తే గదిని పడగొట్టాలి. గవర్నరు అలాగే చేయించారు. మంచం మీద నిలుచున్న మనిషికి కిటికీలు అందలేదు. గదిని అలాగే వుండనిచ్చారు.

ఈ ఖారిజాయే (రజి) తరువాత హిజ్రీ 40లో (క్రీ.శ. 661) హంతకుడు గవర్నరు అమ్ర్ (రజి) అని పొరబడి చేసిన దాడిలో మరణించారు. చరిత్రలో ఆయన పేరు ఎక్కువగా ఆ సంఘటనతోనే వినిపిస్తుంది. న్యాయశాస్త్రంలో మాత్రం ఆయన మేడగదే నిలిచింది. మాలికీ న్యాయానికి మూలగ్రంథమైన సహ్నూన్ (మరణం హి. 240 / క్రీ.శ. 854) గారి ముదవ్వనాలో ఈ మంచం పరీక్ష ప్రమాణంగా చోటు చేసుకుంది. కొత్త కిటికీ పొరుగింటి మరుగుకు భంగమా కాదా అన్నది ఇరువురి మాటల బలంపైన ఆధారపడదు. దాన్ని ఒక మంచం, ఒక మనిషి తేల్చగలరు.

గోడ ఎవరిది?

ఇంటిని విస్తరించేటప్పుడు పాత గోడ మీదనే భారం పడుతుంది. ఆ గోడ తనదేనని ఇద్దరూ అంటారు. కట్టిన తాతలు కాలం చేసివుంటారు, కాగితం వుండదు. అప్పుడు గోడనే సాక్షిగా పిలవక తప్పదు.

ఇందుకు కూడా తొలికాలపు ఉల్లేఖనం ఒకటి వుంది. రెల్లు, తడికలతో కట్టిన గుడిసె గోడ విషయంలో వచ్చిన తగాదాను పరిష్కరించడానికి దైవప్రవక్త (స) హజ్రత్ హుజైఫా (రజి)ను పంపారని, తడికలు బిగించిన ముడులు ఎవరివైపు వున్నాయో వారిదే గోడ అని ఆయన తీర్పు చెప్పారని ఇబ్నె మాజాలో వుంది. ఈ ఉల్లేఖన పరంపర బలహీనమైనదని హదీసు విద్వాంసులు చెప్పారు. అయినా కట్టడపు తీరును సాక్ష్యంగా చదవాలన్న ఆలోచన న్యాయశాస్త్రంలో స్థిరపడిపోయింది. మాలికీలు ముడులను, మూలల వద్ద ఇటుకల అల్లికను చూశారు. గోడ ఇటుకలు ఒక ఇంటి గోడ ఇటుకలతో ఒకదానిలో ఒకటి చొచ్చుకొనివుంటే రెండూ ఒకేసారి లేచాయని అర్థం. కేవలం ఆనించి కట్టినదైతే అది తరువాత వచ్చినది.

హనఫీ పండితులు దూలాలను చూశారు. మర్గీనానీ (మరణం హి. 593 / క్రీ.శ. 1197) గారి హిదాయా ప్రకారం ఒకరి దూలాలు గోడపై ఆని వుండి, మరొకరివి పైన పరిచిన రెల్లు, కట్టెలు మాత్రమే అయితే గోడ దూలాలవానిది. గోడ కట్టేది బరువు మోయడానికి గనుక బరువు ఎవరిదో గోడ వారిదని వారి తర్కం. ఇద్దరికీ మూడేసి దూలాలు వుంటే గోడ ఉమ్మడిది. షాఫియీలు ఈ తర్కాన్ని అంగీకరించలేదు. అనుమతితో ఆన్చిన దూలం యాజమాన్యానికి రుజువెలా అవుతుందని వారు ప్రశ్నించారు. దూలపు హదీసు అమలులో వున్న సమాజంలో అది సహేతుకమైన ప్రశ్నే. దయతలచి పొరుగువాని దూలానికి చోటిచ్చినవాడు కొన్నేళ్ళకు గోడనే పోగొట్టుకోకూడదు కదా.

ఖాజీ, మేస్త్రీ

ఈ విధంగా గోడను చదవడానికి గ్రంథజ్ఞానం ఒక్కటే చాలదు, తాపీపని కూడా తెలియాలి. ఈ అవసరం నుండి ఒక ప్రత్యేక సాహిత్యం పుట్టింది. స్పెయిన్‌లో, నాటి అందలూసియాలో, తుతీలా పట్టణానికి చెందిన ఈసా బిన్ మూసా (మరణం హి. 386 / క్రీ.శ. 996) కితాబుల్ జిదార్, అంటే గోడల గ్రంథం, వ్రాశారు. ఆ తరువాత మూడున్నర శతాబ్దాలకు ట్యునీషియా రాజధాని ట్యూనిస్‌లో ఇబ్నుర్రామీ (మరణం హి. 734 / క్రీ.శ. 1333–34) అల్ ఇఅలాన్ బి అహ్‌కామిల్ బునియాన్ అనే గ్రంథం రచించారు. కట్టడాల శాసనాలను ప్రకటించడం అని ఆ పేరుకు భావం.

ఇబ్నుర్రామీ వృత్తిరీత్యా మేస్త్రీ. ట్యూనిస్ ఖాజీ తగాదా వచ్చిన ఇళ్ళను పరిశీలించి రమ్మని ఆయనను పంపేవాడు. ఆయన చూసి వచ్చి చెప్పిన మాటపై తీర్పు ఆధారపడేది. అందువల్ల ఆయన గ్రంథంలో ఇమాముల అభిప్రాయాల పక్కనే ట్యూనిస్ సందుల్లో తాను స్వయంగా చూసిన తగాదాలు కూడా కనిపిస్తాయి. ఐరోపా విద్వాంసులలో రాబర్ట్ బ్రన్ష్విగ్ 1947లో ప్రచురించిన వ్యాసంతో ఈ గ్రంథం విలువ బయటి ప్రపంచానికి తెలిసింది. 1986లో బెసీం హకీం ట్యూనిస్ నగర నిర్మాణంపై ప్రచురించిన పుస్తకం దీన్ని మరింత ప్రచారంలోకి తెచ్చింది.

ఆ గ్రంథంలో ఒక పరీక్ష వుంది. ఒకరు తన ఇంట్లో పశువుతో తిప్పే తిరగలి పెడతారు. దాని అదురుకు తన గోడ పాడవుతోందని పొరుగువాడు ఫిర్యాదు చేస్తాడు. అదేమీ లేదని తిరగలి యజమాని అంటాడు. అప్పుడు ఒక కాగితం తీసుకొని దాని నాలుగు మూలలకూ దారాలు కట్టి, ఫిర్యాదీ ఇంట్లో ఉమ్మడి గోడ వద్ద పైకప్పు నుండి వ్రేలాడదీయాలి. కాగితంపై కాసిని ఎండు ధనియాలు పోయాలి. తిరగలి తిప్పమనాలి. ధనియాలు కదిలితే హాని రుజువైనట్లే, తిరగలి తీసివేయాలి. కదలకపోతే ఫిర్యాదు చెల్లదు. ఫుస్తాత్ మంచానికి, ట్యూనిస్ ధనియాలకు మధ్య దాదాపు ఏడు వందల ఏళ్ళు గడిచాయి. పద్ధతి మాత్రం ఒక్కటే. ఇరువురూ చూస్తుండగా, ఇరువురూ కాదనలేని విధంగా హానిని కొలవడం.

మాలికీలు ప్రతి ఇబ్బందినీ హానిగా లెక్కించలేదు. పొగ, దుర్గంధం, గోడను అదిలించే చప్పుడు, మరుగును భంగపరిచే చూపు వంటివి నివారించదగిన హానులు. పొరుగువాని ఎండ, గాలి తగ్గేటట్లు మేడ లేపుకోవడాన్ని ముదవ్వనా నిషేధించలేదు. లేకపోతే పట్టణంలో ఎవరూ ఇల్లు పెంచుకోలేరు. గాలికి ధాన్యం తూర్పారబట్టే కళ్ళం పక్కన గాలిని అడ్డగించే కట్టడం విషయంలో మాత్రం కొందరు వేరుగా ఆలోచించారు. అక్కడ గాలి సుఖం కోసం కాదు, బ్రతుకుతెరువు కోసం.

వాకిలి విషయంలో దారి స్వభావాన్ని చూశారు. అందరూ నడిచే వీధిలోకి కొత్త వాకిలి తెరుచుకోవచ్చు. అవతలి కొన మూసివున్న సందులో పొరుగింటి వాకిలికి ఎదురుగా, వారికి ఇబ్బంది కలిగేలా తెరవరాదు. అటువంటి సందు అందులో నివసించేవారి ఉమ్మడి ఆస్తి వంటిది. దానిపైకి గది చాచాలన్నా, అరుగు వేయాలన్నా వారి సమ్మతి కావాలి. పాత అరబ్బు పట్టణాల్లో వీధి మీదుగా వంతెనలా కట్టిన గదులు చూసేవారికి క్రమం లేని నిర్మాణంగా తోస్తాయి. వాహనంపై వెళ్ళేవానికి తల తగలకూడదన్న నియమం, పొరుగువారి అంగీకారం వాటి వెనుక వున్నాయి.

యజమాని హక్కు, పొరుగువాని హాని

హనఫీ సంప్రదాయం వేరొక చోట నుండి బయలుదేరింది. తన సొత్తులో తాను ఏమైనా చేసుకునే హక్కు యజమానికి వుంది, దాన్ని ఖాజీ అడ్డుకోజాలడు అన్నది ఇమాం అబూ హనీఫా (మరణం హి. 150 / క్రీ.శ. 767) గారి మూల సిద్ధాంతం. పొరుగువానికి ఇబ్బంది కలిగించడం నైతికంగా తప్పే. కాని నైతికమైన తప్పంతా కోర్టు పరిధిలోకి రాదు.

హనఫీ గ్రంథాల్లో ఈ సిద్ధాంతాన్ని వివరించే ఒక చమత్కారమైన ఉదంతం వుంది. పొరుగువాడు తన ఇంట్లో బావి తవ్వాడని ఒక వ్యక్తి ఇమాం గారి వద్ద మొర పెట్టుకున్నాడు. తవ్వడం ఆపమని ఫత్వా ఇవ్వడానికి ఆయన సిద్ధపడలేదు. నీ ఇంట్లో ఆ బావికి దగ్గరగా మురుగు గుంట తవ్వుకొమ్మని సలహా ఇచ్చారు. ఆ మనిషి అలాగే చేశాడు. బావి నీరు చెడిపోయింది. పొరుగువాడు బావిని తానే పూడ్చివేసుకున్నాడు.

ఈ ఉదంతం వినడానికి బాగానే వుంటుంది. కాని ఇద్దరి హక్కులూ సంపూర్ణమైతే పొరుగుతనం ఎక్కడ తేలుతుందో కూడా ఇదే చూపిస్తుంది. తగాదా తీరింది, మిగిలింది ఒక మురుగు గుంట, ఒక పూడిన బావి. మొదట్లో బలహీనుడే ఇటువంటి పోటీలో నష్టపోతాడు. మురుగు గుంట తవ్వే స్థలం, స్తోమత అందరికీ వుండవు. తరువాతి హనఫీ పండితులు దీన్ని గుర్తించారు. వారు మూల సిద్ధాంతాన్ని తోసిపుచ్చలేదు. ఇస్తిహ్‌సాన్, అంటే ప్రజాహితాన్ని గమనించి మేలైన దానిని ఎంచుకునే పద్ధతి, ఆధారంగా ఒక మినహాయింపు చేర్చారు. పొరుగువానికి స్పష్టమైన, తీవ్రమైన హాని కలిగితే యజమానిని ఆపవచ్చు. ఈ విధంగా రెండు సంప్రదాయాలు వేర్వేరు దారుల్లో నడిచి దాదాపు ఒకే చోటికి చేరాయి. ఇక మిగిలిన ప్రశ్న తీవ్రమైన హాని అంటే ఏమిటన్నది.

మజల్లా ఇచ్చిన సమాధానం

ఉస్మానియా సామ్రాజ్యంలో అహ్మద్ జౌదత్ పాషా నాయకత్వాన 1869–1876 మధ్య వెలువడిన మజల్లా ఈ ప్రశ్నకు నిర్దిష్టమైన సమాధానం ఇచ్చింది. హనఫీ న్యాయాన్ని 1851 నిబంధనలుగా క్రోడీకరించిన ఈ శాసనంలో పొరుగువారి వ్యవహారాలకు ప్రత్యేకంగా కొన్ని నిబంధనలు కేటాయించారు. ఇతరులకు తీవ్రమైన హాని వుంటే తప్ప ఎవరినీ తన సొత్తును వాడుకోకుండా ఆపరాదని 1197వ నిబంధన అంటుంది. కట్టడాన్ని బలహీనపరిచేది, లేదా ఇంటి అసలు ప్రయోజనాన్నే లేకుండా చేసేది తీవ్రమైన హాని అని 1199వ నిబంధన నిర్వచిస్తుంది.

తరువాతి నిబంధనలు ఉదాహరణలతో నిండివున్నాయి. దృశ్యం కనిపించకుండా పోవడం, గాలి, ఎండ తగ్గడం తీవ్రమైన హాని కాదు. కాని ఒకే కిటికీ వున్న గదిలో వ్రాత చదవలేనంత చీకటి కమ్మేటట్లు పొరుగువాడు కట్టడం లేపితే అది తీవ్రమైన హాని. తలుపు నుండి వెలుతురు వస్తుంది కదా అనే వాదం చెల్లదు, చలికాలంలో తలుపు మూసుకోక తప్పదు. రెండు కిటికీలు వుండి ఒకటి మూసుకుపోతే అది తీవ్రమైన హాని కాదు. స్త్రీలు మసలే వంటిల్లు, బావిగట్టు, పెరడు కనిపించడం తీవ్రమైన హాని. అయితే అందుకు పరిష్కారం కిటికీని పూర్తిగా పూడ్చడం కాదు. చూపు పోకుండా గోడో, చెక్క తడికో కడితే చాలు. కిటికీ మనిషి ఎత్తుకు మించి వుంటే, నిచ్చెన వేసుకొని చూస్తాడేమోనన్న అనుమానంపై దాన్ని మూయించరాదు. ఫుస్తాత్ మంచం ఇక్కడ 1203వ నిబంధనగా మళ్ళీ దర్శనమిస్తుంది. తన తోటలో చెట్టెక్కి పండ్లు కోసేవానికి పొరుగింటి స్త్రీలు కనిపించేటట్లయితే ఎక్కేముందు హెచ్చరిక చేయాలి. చెట్టు కొట్టివేయనక్కర లేదు.

ముందు వచ్చినవాని హక్కును కూడా మజల్లా కాపాడింది. కమ్మరి కొలిమి పక్కన కొత్తగా ఇల్లు కట్టుకున్నవాడు కొలిమిని తీసివేయమని అడగజాలడు. ఉమ్మడి గోడ విషయంలో కఠినంగా వుంది. హాని వున్నా లేకపోయినా భాగస్వామి అనుమతి లేనిదే దాన్ని ఎత్తరాదు.

ఈ నిబంధనల వెనుక వున్న పొదుపును గమనించాలి. కూల్చడం కంటే కప్పడం, కప్పడం కంటే హెచ్చరించడం మేలు. హాని ఎంతో మందు అంతే. టర్కీలో 1926లోనూ, సిరియాలో 1949లోనూ కొత్త పౌరస్మృతులు మజల్లా స్థానాన్ని ఆక్రమించాయి.

కోర్టు రికార్డుల సాక్ష్యం

ఇవన్నీ గ్రంథాలకే పరిమితమైన మాటలు కావు. ఉస్మానియా నగరాల షరీఅత్ కోర్టుల దస్తావేజులు పెద్దసంఖ్యలో భద్రంగా వున్నాయి. 18వ శతాబ్దపు అలెప్పో నగరపు రికార్డులను పరిశీలించిన అబ్రహాం మార్కస్ 1986, 1989లలో ప్రచురించిన రచనల్లో చూపు, మరుగు, కొత్త కట్టడాలను గురించిన తగాదాలను వివరించారు. ఫిర్యాదు రాగానే కోర్టు ప్రతినిధి, కట్టడాల నిపుణుడు తగాదా స్థలానికి వెళ్ళి స్వయంగా చూసేవారు. ఈ పరిశీలనకు కష్ఫ్ అని పేరు. క్రైస్తవులు, యూదులు కూడా తమ ఇళ్ళ తగాదాలతో ఈ కోర్టులకే వచ్చేవారు. స్త్రీలు కూడా వాదులుగా నిలిచారు. గోడకు మతం లేదు, అది అదిరితే ఇరువైపులా అదురుతుంది.

భారతదేశంలో

మన దేశానికి ఈ చర్చ హనఫీ గ్రంథాల ద్వారా వచ్చింది. ఔరంగజేబు కాలంలో సంకలనమైన ఫతావా ఆలంగీరీలో గోడ దావాలకు ప్రత్యేకమైన అధ్యాయం వుంది. హిదాయాను 1791లో చార్లెస్ హామిల్టన్ ఇంగ్లీషులోకి అనువదించాడు. ఆంగ్లపాలనలో ముస్లిం ధర్మశాస్త్రం ప్రధానంగా వివాహం, వారసత్వం వంటి విషయాలకు పరిమితమైంది. గోడలు, కిటికీలు అందరికీ వర్తించే చట్టం క్రిందికి వెళ్ళాయి. 1882లో వచ్చిన ఈజ్‌మెంట్ల చట్టం మొదట వర్తించిన ప్రాంతాల్లో మద్రాసు రాష్ట్రం ఒకటి. కోస్తా ఆంధ్ర, రాయలసీమ జిల్లాలు అందులోనివే. ఇరవై ఏళ్ళు నిరాటంకంగా అనుభవించిన వెలుతురు, గాలిపై ఆ చట్టం హక్కు కల్పించింది. పొరుగింటి మరుగుకు భంగం కలిగేలా కొత్త కిటికీ తెరవరాదన్న ఆచారం ఒక పట్టణంలో వుంటే దానిని గుర్తించవచ్చని 18వ సెక్షన్‌లోని ఉదాహరణ చెబుతుంది. 1888లో అలహాబాద్ హైకోర్టు, పొరుగింటి స్త్రీలుండే భాగంలోకి చూపు పోయేలా కట్టిన వసారా, తలుపుల తగాదాలో అటువంటి ఆచారసిద్ధమైన హక్కును అంగీకరించింది. ఆ దావాలో ఉభయపక్షాలూ హిందువులే. మరుగును కోరుకోవడం ఒక్క మతానికి చెందిన విషయం కాదనడానికి ఇది మంచి నిదర్శనం.

ఖాజీ చేయగలిగినది, చేయలేనిది

ఈ చరిత్రలో రెండు పాయలు కనిపిస్తాయి. మొదటిది న్యాయానిది. హాని వుందా, ఎంత వుంది, ఎవరు ముందు వచ్చారు, తక్కువ నష్టంతో దాన్ని ఎలా తొలగించాలి అనే ప్రశ్నలు ఆ పాయలోనివి. మంచం, ధనియాలు, దూలాలు, వ్రాత చదవగలిగే వెలుతురు వాటికి కొలమానాలు. పలుకుబడి గలవాని మాటకు, లేనివాని మాటకు ఆ కొలమానాల ముందు తేడా లేదు. ఖారిజా (రజి) అంతటి సహాబీ గది కూడా పరీక్షకు లోబడింది. ఫిర్యాదు వచ్చినంత మాత్రాన అది కూలలేదు కూడా.

రెండవ పాయ దూలపు హదీసుది. హాని చేయకుండా వుండడంతో ఆగిపోక, తన గోడను పొరుగువాని ఇంటికి ఆసరాగా ఇవ్వమని ఆ హదీసు కోరుతుంది. దాన్ని విధిగా చెప్పిన ఇమాములు కోర్టు ద్వారానైనా అమలు జరగాలన్నారు. హితవుగా చెప్పినవారు దాన్ని మనిషి అంతరాత్మకు వదిలారు. వారు దాని విలువను తగ్గించలేదు. తీర్పుకు లొంగని చోటు ఒకటి మిగిలే వుంటుందని గుర్తించారు. పొరుగువాని హక్కును గురించి జిబ్రీల్ (అ) ఎంతగా తాకీదు చేశారంటే, పొరుగువానికి ఆస్తిలో వారసత్వం కూడా కల్పిస్తారేమోనని దైవప్రవక్త (స)కు అనిపించిందని హదీసు తెలుపుతుంది. వారసత్వం రాలేదు. పొరుగువాడు వారసుడు కాలేదు. వారసునికి ఇచ్చేటంత శ్రద్ధ మాత్రం అతనికి ఇవ్వవలసే వుంది.

హద్దురాయి ఎక్కడుందో చూపించడం అమీను పని. కిటికీ ఎత్తు కొలవడం మేస్త్రీ పని. హానిని తొలగించడం ఖాజీ పని. దూలానికి చోటివ్వడం మాత్రం గోడ యజమాని ఒక్కడే చేయగలిగిన పని.